పెయ్ పండితుడి కుడిచెయ్యి

మొదటి రోజు తావ్ రూయీ అతని ముఖం చూడనే లేదు. మేకప్ గదిలోకి వచ్చి, తడిసిన గొడుగు మూలకు ఆనించి, అద్దం ముందు కూర్చున్న మనిషి కుడిచేతిని చటుక్కున అందుకుని వెల్లకిలా తిప్పి చూసింది.

పొడవాటి విగ్గు, నీలం పట్టు అంగీ, తల మీద పండితుల టోపీ. ఇంత అలంకారంలో ఉన్న చూ హెంగ్ ఉలిక్కిపడ్డాడు.

"జాతకం చెప్తారా?"

"చెప్తాను. ఈ చేతికి చదువు అబ్బదు."

విగ్గు సరిచేస్తున్న అమ్మాయి కిసుక్కున నవ్వింది.

"అదేంటండీ! ఈ సీరియల్లో రాజ్యం మొత్తానికి పరీక్షలో మొదటివాణ్ణి నేను."

"అందుకే నన్ను పిలిపించారు. మీ చేతిరాత చూశాక డైరెక్టరు గారికి రెండు రోజులు అన్నం సయించలేదట."

"ఇంతకీ మీరెవరు?"

"మీ కుడిచెయ్యిని," అంది రూయీ, అతని చెయ్యి అతనికే తిరిగి ఇచ్చేస్తూ.

నిజమే. కొండల నడుమ ఉన్న ఆ సినిమా ఊళ్లో అట్టతో కట్టిన రాజప్రాసాదాలు నాలుగున్నాయి. ఏ ప్రాసాదంలో ఏ పండితుడు కుంచె పట్టినా, తెర మీద కనిపించే అక్షరాలు ఎవరో ఒక చేతి డూప్ రాసినవే. నటుడి ముఖం ఒకరిది, చెయ్యి ఒకరిది. చూ హెంగ్ ముఖానికి లోటు లేదు. రాత మాత్రం కోడి కెలికినట్టుంటుంది. ఇంట్లో ఆవిరి బన్నుల దుకాణం. పదేళ్లప్పటి నుంచి పిండి పిసికిన చేతులు, బన్నుల్లాగే గుండ్రంగా, మెత్తగా తయారయ్యాయి.

రూయీ చేతులు అందుకు పూర్తిగా ఎదురు. పెద్దవి. వేళ్లు పొడుగు, కణుపులు తేలినవి. "మగపిల్లాడికి పెట్టాల్సిన చేతులు దీనికి పెట్టారే," అని మేనత్తలు నవ్వేవాళ్లు. అందుకే ఆమె చేతులు ఎప్పుడూ జేబుల్లోనే ఉండేవి. చిన్న ఊళ్లో పిల్లలకు కుంచె రాత నేర్పుకునే ఆమెకు, ఆ చేతుల వల్లే ఈ పని దొరికింది. తెర మీద అవి అచ్చం పండితుడి చేతులే.

చూ హెంగ్ వాటిని చూసి కళ్లు పెద్దవి చేశాడు. "టీచరు గారూ, ఇలాంటి చేతులుంటే నేను బన్నులు చేసేవాణ్ణే కాదు."

ఎవరూ ఆ మాట అనలేదు ఆమెతో అంతకు ముందు. వెటకారమేమో అని ముఖం వంక చూసింది. కాదు. అప్పుడు మొదటిసారి చూసింది అతని ముఖం.

ఆ సెట్లో అందరూ అందరికీ మాస్టార్లే. లైట్లాయన మాస్టారు, గుర్రాలాయన మాస్టారు, టీ కాచే ఆయన కూడా మాస్టారు. అలా వాళ్లిద్దరూ ఒకరికొకరు టీచరు గారు, మాస్టారు అయ్యారు.

పని చూస్తే తమాషాగా ఉండేది. చూ హెంగ్ తన కుడిచెయ్యి వెనక్కి మడిచి నడుముకు కట్టించుకుంటాడు. రూయీ అతని వెనక నక్కి కూర్చుని, అంగీ కిందుగా తన చెయ్యి దూర్చి, ఆ వెడల్పాటి పట్టు అంగీ చేతిలోంచి బయటికి తీస్తుంది. చెంప అతని వీపుకు ఆనుతుంది. కాగితం ఆమెకు కనిపించదు. పక్కనున్న చిన్న టీవీలో చూసి రాయాలి.

"ఊపిరి బిగపట్టండి," అంది మొదటి రోజు.

"ఎంతసేపు?"

"ఎనిమిది అక్షరాలు."

"చచ్చిపోతానండీ!"

"మీరు చచ్చేది ముప్పై ఒకటో ఎపిసోడ్లో. ఇప్పుడే తొందరేం లేదు."

అతను నవ్వు ఆపుకున్నాడు. ఆపుకున్న నవ్వు వీపంతా వణికింది. ఆ వణుకుకి 'చంద్రుడు' అన్న అక్షరం కాస్తా తోక పెరిగి బల్లి అయింది.

"కట్!" అని అరిచాడు హాన్ డైరెక్టరు. "ఆ చేతికీ ఆ మనిషికీ పొత్తు కుదిరిందా లేదా?"

నాలుగో రోజు ఒక ఈగ వచ్చి పండితుడి ముక్కు మీద వాలింది. టేకు నడుస్తోంది. ఒక చెయ్యి కట్టేసి ఉంది, రెండోదాంట్లో టీ కప్పు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "ముక్కు... ముక్కు..." అన్నాడు పెదవి కదలకుండా. రూయీకి అర్థమైంది. పట్టు చేతిలోంచి ఆ పొడుగాటి వేళ్లు పైకి లేచి, ఎక్కడుందో తెలియక తడుముకుని, చెవిని, చెంపను దాటి ముక్కును అందుకుని గోకాయి. కుంచె కూడా చేతిలోనే ఉంది. పండితుడి ముక్కు మీద నల్లటి సిరా మచ్చ పడింది.

సెట్టంతా పొట్ట పట్టుకుంది. హాన్ డైరెక్టరు మాత్రం టీవీ వంక తేరిపార చూసి, "ఉంచండి దీన్ని. ఇరవై ఎపిసోడ్లకు ఇప్పుడు మనిషిలా కనిపించాడు వీడు," అన్నాడు.

ఆ రోజు నుంచి యూనిట్ వాళ్లు చెవులు కొరుక్కోవడం మొదలుపెట్టారు. షెడ్యూళ్లు చూసే మెంగ్ అక్క అయితే చెవి కొరుక్కోవడం దాకా ఎందుకని నోటితోనే అడిగేసింది. "ఏమ్మాయ్, షాట్ అయిపోయినా చెయ్యి అంగీలోంచి తీయవే?"

"ముడి పడిందక్కా."

"పడుతుంది పడుతుంది. ఈ వానల్లో ఏదైనా పడుతుంది."

ప్లం పళ్లు పండే కాలపు వానలవి. మొదలైతే ఆగవు. షూటింగ్ ఆగినప్పుడల్లా ఇద్దరూ అట్ట ప్రాసాదం వసారాలో కూర్చుని డబ్బా భోజనాలు తినేవాళ్లు. అతను తన పంది మాంసం ముక్కలు ఆమె డబ్బాలో వేసి, ఆమె ముల్లంగి లాక్కునేవాడు. చూరు నీళ్లు వాళ్ల కాళ్ల ముందు వరుసగా చిన్న చిన్న గుంటలు చేసేవి.

"ఒక సంగతి అర్థం కాదండీ," అన్నాడొకసారి. "మా పెయ్ పండితుడు తెలివైనవాడు, మంచివాడు. సేనాపతికేమో కత్తి తిప్పడం తప్ప ఏమీ రాదు. అయినా హీరోయిన్ ఆయనకే ఎందుకు దక్కుతుంది?"

"మీ పండితుడు నోరు విప్పడు కాబట్టి. ముప్పై ఎపిసోడ్లు కిటికీలోంచి చూస్తాడు. ముప్పై ఒకటిలో ఉత్తరం రాసి, ఆమె నిద్రపోతుంటే తలగడ దగ్గర పెట్టి, యుద్ధానికి పోయి చస్తాడు. నిద్రపోతున్న మనిషిని వదిలి పోయేవాణ్ణి ఎవరు నమ్ముతారు?"

ఆఖరి మాట ఎందుకో కటువుగా వచ్చింది. అతను చాప్‌స్టిక్‌లు దించి ఆగాడు.

రూయీ వాన వంక చూస్తూ చెప్పింది. అమ్మానాన్నలు దక్షిణాదిలో చెప్పుల ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్లు. ఏడాదికొకసారి కొత్త సంవత్సరానికి వచ్చేవాళ్లు. ఎనిమిది రోజులు ఉండేవాళ్లు. తను ఏడుస్తుందని, తెల్లవారక ముందే, తను నిద్రలో ఉండగా వెళ్లిపోయేవాళ్లు. ఆరేళ్లప్పుడు తెలివిగా అమ్మ కోటు చెయ్యి గట్టిగా పట్టుకుని పడుకుంది. పొద్దున లేచేసరికి కోటు చెయ్యి చేతిలోనే ఉంది. అమ్మ కోటు విడిచేసి వెళ్లిపోయింది, ఆ చలిలో.

"నన్ను నానమ్మే పెంచింది. మా వాళ్లని తప్పు పట్టను మాస్టారూ. కానీ వెళ్లిపోయే మనుషులంటే నాకు భయం. పొద్దున లేవాలంటే ఇప్పటికీ ముందు చెయ్యి చాపి పక్కన తడిమి చూస్తాను."

చూ హెంగ్ చాప్‌స్టిక్‌లు మళ్లీ అందుకున్నాడు. తన డబ్బాలో మిగిలిన ఒక్క మాంసం ముక్క కూడా ఆమె డబ్బాలో వేశాడు. ఆ ముక్క తినడానికి ఆమెకు చాలాసేపు పట్టింది.

ఆ తర్వాత వారానికి మెంగ్ అక్క ఇద్దరికీ టీ పోస్తూ మాటల్లో అంది. "మన పండితుడికి ఇంకో సీరియల్ వచ్చిందటగా. ఇక్కడ చచ్చిన మర్నాడే ప్రయాణం. వాయవ్యాన ఎడారిలో నాలుగు నెలలు."

రూయీ తాగబోయిన కప్పు కింద పెట్టేసింది.

"గుర్రాల వైద్యుడి వేషం," అన్నాడు చూ హెంగ్, కొంచెం తడబడుతూ. "అక్కడ చివరిదాకా బతుకుతానట. నేనే చెబుదామనుకున్నాను టీచరు గారూ, మంచి వేళ చూసి..."

"మంచిదే మాస్టారూ. శుభం."

ఆ రోజు నుంచి షాట్ అవగానే చెయ్యి అంగీలోంచి వెంటనే వచ్చేసేది. ముడి ఒక్కసారి కూడా పడలేదు. భోజనం వేళకు ఆమెకు ఎక్కడో పని ఉండేది. ఎప్పుడు వెళ్తున్నారని అడగలేదు. అడిగితే ఆ తేదీ నిజమైపోతుందని చిన్నప్పటి నుంచీ ఆమెకో నమ్మకం.

ముప్పై ఒకటో ఎపిసోడ్‌కి ముందు రోజు సాయంత్రం, మర్నాటి పట్టిక అందరి ఫోన్లకీ వచ్చింది. రూయీ బియ్యం కడుగుతూ తెరిచి చూసింది. 'ఉదయం: పండితుడి ఉత్తరం. నటుడు: చూ హెంగ్. చేతి డూప్: అక్కర్లేదు.'

కళ్లు తుడుచుకుని మళ్లీ చూసింది. వెంటనే మెంగ్ అక్కకి ఫోన్ చేసింది.

"ఎవరు తీసేశారక్కా నన్ను?"

"ఆయనే అడిగాడమ్మాయ్. తనే రాసుకుంటాడట. డైరెక్టరు సరేనన్నాడు. నువ్వు హాయిగా నిద్రపో."

చేతి డూప్‌కి అంతకంటే అవమానం లేదు. నెల రోజులు ఇచ్చిన చేతిని ఆఖరి ఉత్తరానికి వద్దన్నాడు. తను దూరంగా మసలుతోందని కక్షా? ఉంటే ఉండనీ. ఎలాగూ పోయేవాడేగా. రూయీ కుంచెలన్నీ కడిగి, ఆరకముందే చుట్టి పెట్టెలో పెట్టేసింది. తడి కుంచెను చుట్టకూడదని పిల్లలకు వందసార్లు చెప్పే మనిషి!

మర్నాడు మధ్యాహ్నం. దుస్తుల గదిలో రూయీ, రాత సీన్లకు వాడిన నీలం పట్టు అంగీ మడత పెట్టి అప్పగిస్తుంటే, మెంగ్ అక్క గొడుగు ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"నవ్వట్లేదే!"

"ఎవరక్కా?"

"శవం!"

"ఏంటీ?"

"పండితుడే తల్లీ! ఒక్క టేకులో ఎంత బాగా చచ్చాడని! కట్ చెప్పి పావుగంటైంది. నవ్వమంటే నవ్వడు. నువ్వొస్తే గాని నవ్వనంటున్నాడు. హాన్ డైరెక్టరుకు ముచ్చెమటలు పోస్తున్నాయి. రా, రా!"

కెమెరా ముందు చచ్చిన నటుడు పైకి లేచే ముందు లెన్స్ వంక చూసి గట్టిగా నవ్వాలి. నవ్వి, శకునానికి డబ్బు పెట్టిన ఎర్ర కవరు పుచ్చుకుని, అప్పుడు లేవాలి. లేకపోతే ఆ చావు వెంట పడుతుందని భయం, నటుడికీ యూనిట్‌కీ కూడా. హాన్ డైరెక్టరు కెమెరాను నమ్మడానికి సందేహిస్తాడేమో గానీ దీన్ని నమ్మడానికి సందేహించడు.

వెళ్లేసరికి కోట గుమ్మం ముందు బురదలో చూ హెంగ్ వెల్లకిలా పడి ఉన్నాడు. గుండెలో మూడు బాణాలు. పెదవి పక్కన రక్తం. గొట్టాల వాన ఎప్పుడో ఆపేశారు. దాని బదులు అసలు వాన మొదలైంది. ఎనభై మంది గొడుగుల కింద నిలబడి అతన్నే చూస్తున్నారు. చచ్చిన గుర్రం కూడా లేచి గడ్డి తింటోంది.

రూయీ గొడుగు అతని ముఖం మీదికి పట్టింది.

"లేవండి మాస్టారూ. జలుబు చేస్తుంది."

"నవ్వకుండా లేవకూడదు."

"అయితే నవ్వండి."

"రావట్లేదు. పొద్దున ఎందుకు రాలేదు మీరు?"

"నన్ను తీసేసి నన్నే అడుగుతారా?"

"తీసేశానా? నేనా?" లేవబోయి గుర్తొచ్చి మళ్లీ పడుకున్నాడు. "నేను రాసుకుంటానన్నాను. మీకు కెమెరా పక్కన, నాకు సరిగ్గా ఎదురుగా కుర్చీ వేయించమన్నాను!"

"వేయించాం!" అని హాన్ డైరెక్టరు మైకులో అరిచాడు. "ఖాళీ కుర్చీ! నాలుగు టేకులు ఖాళీ కుర్చీకి రాశాడు ఉత్తరం!"

అందరూ మెంగ్ అక్క వైపు తిరిగారు. మెంగ్ అక్క నోటి మీద చెయ్యి వేసుకుంది. "పట్టికలో నటులకు గడి ఉంది, డూపులకు ఉంది, గుర్రాలకు ఉంది, కత్తులకు ఉంది. ఊరికే కూర్చుని చూసేవాళ్లకి గడి ఎక్కడుందీ? కుర్చీ పంపించాను. అందులో ఎవరు కూర్చోవాలో ఎక్కడ రాయను?"

రూయీ గొంతు తగ్గింది. "ఎందుకు ఎదురుగా?"

"వీడ్కోలు ఉత్తరమండీ అది. ఎవరి కోసం రాస్తున్నానో ఆ మనిషి నా వీపు వెనక దాక్కుని ఉంటే ఎలా రాయను? మూడు వారాలు మీరు పారేసిన కాగితాలు ఏరుకుని వాటి మీద దిద్దుకున్నాను. హోటలు దుప్పటి నిండా సిరా. వాళ్లు నన్ను మళ్లీ రానివ్వరు."

"ఎలా వచ్చింది రాత?"

"కోడి కెలికినట్టే వచ్చింది!" మళ్లీ మైకు. "కానీ చావబోయేవాడు అంతకంటే బాగా రాస్తే జనం నమ్మరు. ఉంచాను. ఇక నవ్వరా నాయనా!"

ఎవరో నవ్వారు. రూయీ నవ్వలేదు. గొడుగు కొంచెం వంగింది, ఒక ధార అతని మెడ మీద పడింది.

"ఏదైతేనేం మాస్టారూ. రేపు వెళ్లిపోతున్నారుగా."

"వెళ్తున్నాను. వెళ్లనని అబద్ధం చెప్పను. నాకు పనే అలాంటిది, ఈ నాలుగు నెలలయ్యాక ఇంకోటి వస్తుంది." వాన ముఖం మీద పడుతున్నా కళ్లు మూయలేదు అతను. "కానీ మీరు నిద్రపోతుండగా వెళ్లను. రేపు పది ఇరవైకి రైలు. తెల్లారే ఆరున్నర బండికున్న టికెట్ అందుకే మార్చుకున్నాను. మీరు ప్లాట్‌ఫాం మీద ఉండాలి. తిట్టాలనిపిస్తే తిట్టండి. ఏడిస్తే చూస్తూ ఉంటాను, తల తిప్పుకోను. శరత్ పున్నమి పండక్కి మూడు రోజులు సెలవు ఒప్పందంలోనే రాయించాను. పట్టపగలు వస్తాను, మళ్లీ పట్టపగలే వెళ్తాను. ప్రతిసారీ అంతే. చాలదా?"

రూయీ గొడుగు మళ్లీ అతని ముఖం మీదికి సరిచేసింది. నిచ్చెన మీద నుంచి లైట్లాయన తొంగి చూశాడు.

"మాస్టారూ, రైలు టైము చెప్పారు గానీ అసలు మాట చెప్పలేదు!"

"అవును కదూ," అన్నాడు శవం. "నువ్వంటే నాకిష్టం, రూయీ."

మీరు కాస్తా నువ్వయింది. ఎనభై గొడుగులు కదలడం మానేశాయి.

"గుండెలో మూడు బాణాలు పెట్టుకుని చెప్తారా ఎవరైనా?" అంది రూయీ. "అదీ ఈ బురదలో!"

"ముప్పై ఎపిసోడ్లు కిటికీలోంచి చూసే రకం కాదు నేను. ఇదిగో, చచ్చాకైనా చెప్పాను."

"సరే."

"సరే అంటే?"

"సరే అంటే సరే! పున్నమికి రా. పట్టపగలు రా. రాకపోతే ఆ ఎడారికి నేనే వచ్చి నీ గుర్రాల ముందే నిన్ను తంతాను. ఇప్పుడు నవ్వు, వీళ్లంతా తడిసి చస్తున్నారు."

నవ్వాడు. ఆచారానికి నవ్వే నవ్వు కాదది. కడుపులోంచి పుట్టి, బాణాలు మూడూ ఊగేలా నవ్వాడు. అంగీలో దాచిన ఎర్ర రంగు సంచి పగిలి ఇద్దరి మీదా చిమ్మింది. హాన్ డైరెక్టరు ఎర్ర కవరు అతని చేతిలో కుక్కి, "చాలు, చాలు, ఇక ఆపు!" అన్నాడు. ఆపడానికి వీలు కాలేదు. రూయీకీ అంటుకుంది.

మర్నాడు వాన తెరిపిచ్చింది. స్టేషన్‌లో రూయీ తొమ్మిదింటికే నిలబడింది. అతను బన్నుల పొట్లంతో తొమ్మిదీ పదికి వచ్చాడు. మాట్లాడదామనుకున్న మాటలేవీ మాట్లాడలేదు. అక్కడ గుర్రాలు కరుస్తాయా, ఇసుక కళ్లలో పడితే ఏం చేస్తారు, ఇలాంటివే. రైలు వచ్చింది. ఎక్కి, కిటికీ దగ్గర నిలబడి, చెప్పినట్టే తల తిప్పుకోకుండా చూశాడు. ఆమె కూడా చూసింది. రైలు కదిలేటప్పుడు కిటికీలో అతని ముఖం, తర్వాత చెయ్యి, తర్వాత ఆఖరి పెట్టె, తర్వాత ఖాళీ పట్టాలు. మొత్తం చూసింది. ఏ ముక్కా వదల్లేదు.

బయటికి వచ్చి, నూడుల్స్ కొట్లో కూర్చుని నానమ్మకి ఫోన్ చేసింది.

"వెళ్లాడా?" అంది నానమ్మ. ఆమెకు అన్నీ తెలుసు. కొండ మీద ఊళ్లో ఉన్నా మెంగ్ అక్క నంబరు సంపాదించింది.

"వెళ్లాడు."

"ఏడ్చావా?"

"కొంచెం." రూయీ ఆగింది. "నానమ్మా, ఆకలేస్తోంది. ఇప్పుడే ఒక గిన్నె నూడుల్స్ తిన్నాను. ఇంకో గిన్నె చెప్పాను."

ప్రతి ఏడూ అమ్మానాన్నలు వెళ్లాక మూడు రోజులు ముద్ద ముట్టని పిల్ల వెంట గంజి గిన్నె పట్టుకుని పెరడంతా తిరిగిన ముసలావిడ నానమ్మ.

"ఎప్పుడొస్తానన్నాడు?" అంది నానమ్మ, ముక్కు చీదుకుని.

"పున్నమి పండక్కి."

"మాంసం తింటాడా?"

"తింటాడు. నా ముల్లంగి కూడా తింటాడు."

"అయితే కసాయి షూకి ఇవాళే చెప్పాలి. పండగ ముందు చెబితే వాడు ఎముకలు అంటగడతాడు," అంది నానమ్మ. చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు ఫోన్‌లో స్పష్టంగా వినిపించింది.